చిలకాకుపచ్చ జెర్సీ

కెనడాలో, బర్నబీలో నేను చదువు మధ్యలో కొన్ని నెలలు కో-ఆప్ ఉద్యోగం చేసిన ఆఫీసు ఒక కొండ వాలు మీద ఉండేది. ఆ యేళ్లలో స్టూడెంట్లు ఎంతమంది దిగారంటే, పొద్దున బస్సు మా స్టాపులో ఆగేదే కాదు. అద్దాలకు ముఖాలు అతుక్కుని నిలబడ్డ మావాళ్లను చూపించుకుంటూ వెళ్లిపోయేది. రెండుసార్లు లేటయ్యాక, టొరంటో వెళ్లిపోతున్న సీనియర్ దగ్గర సైకిల్ తీసుకున్నాను. దాంతోపాటు ఆమె తన చిలకాకుపచ్చ జెర్సీలు రెండు నాకు అంటగట్టింది. ఆ రంగులో కొండెక్కుతుంటే నన్ను ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టొచ్చు. సేఫ్టీకి మంచిదేలే అనుకున్నాను.

తొక్కడం కష్టం కాలేదు. కష్టమంతా దిగాకే. ఆఫీసులో షవర్ లేదు, లాకర్ లేదు. వాష్‌రూమ్‌లో దూరి, తడి టవల్‌తో ఒళ్లు తుడుచుకుని, పౌడర్ కొట్టుకుని, బట్టలు మార్చుకుని వస్తే నేను మనిషినే. మరి విడిచిన జెర్సీ? సాయంత్రం మళ్లీ అదే వేసుకోవాలి. కుర్చీ మీద ఆరేస్తే అందరూ చూస్తారు. సంచిలో కుక్కితే మురిగిన వాసన. నాకున్న భయం ఒక్కటే. తెలివితక్కువదని అనుకోనీ, ఇంగ్లిష్ రాదని అనుకోనీ, ‘వాసనొచ్చే ఇండియన్ పిల్ల’ అని మాత్రం పేరు పడకూడదు. ఆ పేరు ఒకసారి పడితే ఎంత సెంటు కొట్టినా పోదని నా గట్టి నమ్మకం. ఆ భయంతోనే మొదట్లో లంచ్‌కి పెరుగన్నం తప్ప ఇంకేదీ తీసుకెళ్లేదాన్ని కాదు.

నా గోడంతా ఫోన్‌లో అమ్మకు వెళ్లబోసుకున్నాను.

“దానికింత ఏడుపెందుకే? వానాకాలం నీ యూనిఫాం, సాక్సులు ఎక్కడ ఆరేసేదాన్ని? ఫ్రిజ్ వెనకే కదా. మీ ఆఫీసులో ఫ్రిజ్ లేదా ఏంటి?”

ఉంది. కిచెన్‌లో బీరువా అంత ఫ్రిజ్. మా ఇంట్లో ఫ్రిజ్‌కి వెనక నల్ల జాలీ ఉండేది, రాత్రి తడిగా వేసిన సాక్సులు తెల్లారేసరికి అప్పడాల్లా ఉండేవి. దీనికి జాలీ లేదు, నున్నటి రేకు. చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది, చాలనుకున్నాను. రోజూ అందరికంటే ముందే వచ్చి, జెర్సీని హ్యాంగర్‌కి తగిలించి, ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య సందులో వేలాడదీసేదాన్ని. సాయంత్రం అందరూ వెళ్లాక తీసుకునేదాన్ని. సగమే ఆరేది. అయినా ఆ ఆఫీసులో నన్ను మించిన తెలివైనది లేదనుకున్నాను.

ఒక శుక్రవారం సాయంత్రం చూస్తే సందులో జెర్సీ లేదు. ఆ పొద్దున చినుకులు పడుతుంటే రెయిన్ జాకెట్‌లో వచ్చాను కాబట్టి, జెర్సీ ఇంట్లోనే వదిలేశానేమో అనుకున్నాను. ఇంట్లోనూ కనపడకపోయేసరికి రూమ్మేట్ మీద పడ్డాను. “నీ చెమట గుడ్డ నాకెందుకే?” అని తను వారాంతమంతా నాతో మాట్లాడలేదు. తర్వాత జాలిపడి గోంగూర ఎండురొయ్యలు వండింది. అప్పటికి నాకు ఆఫీసులో కాస్త ధైర్యం వచ్చింది, ఆ కూర డబ్బాలో పెట్టుకెళ్లడం మొదలుపెట్టాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే, ఒక మీటింగ్ చివర్లో మా మేనేజర్ చాలా మర్యాదగా, “కిచెన్‌లో ఏదో వాసన వస్తోంది. ఎవరి డబ్బాలు వాళ్లు ఒకసారి చూసుకుంటారా?” అంది. ఆమె ఎవరి వైపూ చూడలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ప్రత్యేకించి నా వైపే చూడకుండా ఉందని నేను తేల్చేసుకున్నాను.

లేచి నిలబడ్డాను. ప్రతి ఆదివారం చర్చిలో జనం లేచి నిలబడి చెప్పే సాక్ష్యాలు వింటూ పెరిగినదాన్ని. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగి గుటక మింగాలో నాకు ఒకరు నేర్పక్కర్లేదు. మా గోంగూర, మా సముద్రం, ఒడ్డున రొయ్యలు ఎండబెట్టే ఆడవాళ్లు, అందరూ వచ్చారు. నిజానికి వాళ్లను నేనెప్పుడూ చూడలేదు, మేం రొయ్యలు బజార్లో కొనేవాళ్లం. “ఒకరి తిండిని అంటే వాళ్ల అమ్మను అన్నట్టే” అన్నాను. వండింది రూమ్మేట్ అని చెప్పలేదు. నా పక్కన కూర్చున్నది టెస్టింగ్ చేసే ఫిలిప్పీన్స్ ఆవిడ, అమ్మ వయసుది. ఆవిడ తల వంచుకుంది. నా మాటలకు కరిగిపోయిందనుకుని గొంతు ఇంకాస్త పెంచాను. ఆమేన్ ఒక్కటే తక్కువ.

మేనేజర్ కళ్లు చెమర్చాయి. నాకు క్షమాపణ చెప్పింది. ఇది ఎవరి తిండి వాసనా కాదు, ఫ్రిజ్‌లోనే ఏదో లీకై ఉంటుందని ప్రకటించి, బిల్డింగ్ మెయింటెనెన్స్‌కి అప్పటికప్పుడే ఫోన్ చేసింది. నా సాక్ష్యం అంత బాగా పనిచేసింది.

లంచ్ టైములో మెయింటెనెన్స్ ఆయన వచ్చి అందరి ముందూ ఫ్రిజ్‌ను బయటికి లాగాడు. గుప్పుమంది. కింద నీళ్లు పట్టే పళ్లెంలో, హ్యాంగర్‌తో సహా, చిలకాకుపచ్చ ముద్ద. ఆయన దాన్ని చీపురు కర్రతో పైకెత్తాడు. ఎవరిదని ఎవరూ అడగలేదు. ముందు ఎవరో ఒకరు కిసుక్కుమన్నారు, తర్వాత మేనేజర్‌తో సహా అందరూ. “మా ఊళ్లో ఫ్రిజ్ వెనక...” అని మొదలుపెట్టి ఆపేశాను. ఆ రోజుకి మా ఊరిని చాలినంత వాడేశాను. భూమి చీలితే దూరిపోదామనిపించింది.

ఒక్కొక్కరే నవ్వుకుంటూ వెళ్లిపోయారు. ఫిలిప్పీన్స్ ఆవిడ మాత్రం చేతిలో డబ్బాతో తలుపు దగ్గరే నిలబడి ఉంది. నవ్వలేదు.

“అయితే అది నా చేప కాదా?” అంది.

ఆవిడ డబ్బాలో ఎండుచేప ఉంది. కిచెన్‌లో వాసన మొదలైనప్పటి నుంచీ ఆవిడ కింద పార్కింగ్‌లో, కారులో కూర్చుని తింటోందట. ఫోన్ మాట్లాడుకోవడానికి వెళ్తోందని నేను అనుకునేదాన్ని.

“పొద్దున నువ్వు నీ కూర గురించి చెబుతున్నంతసేపూ నాకు చెమటలు పట్టాయి. నీది కాదంటే ఇక నాదే అంటారు కదా!”

నేను భయపడిన పేరుకే ఆవిడా భయపడింది. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నా జెర్సీ ఆవిడను కారులోకి తరిమింది, నా సాక్ష్యం ఆవిడను ఇంకాస్త హడలగొట్టింది. సారీ అన్నాను. ఎన్నిసార్లన్నానో నాకే తెలియదు.

ఆవిడ డబ్బా మూత తీసి మైక్రోవేవ్‌లో పెట్టింది. ఎండుచేప వాసన కిచెనంతా నిండింది. ఆవిడ ఒకసారి ఆఫీసులోకి ఉన్న తలుపు వైపు చూసింది, వెళ్లి దాన్ని బార్లా తెరిచి, వచ్చి అక్కడే తినడానికి కూర్చుంది.