పెద్దవాడి గుడ్డలు

మా మనవరాలికి తొమ్మిదో నెల. పురిటికి తల్లి దగ్గరికి, అంటే నేనూ ఉంటున్న ఈ అనంతపురం ఇంటికే వచ్చింది. నిన్న పొద్దున హాల్లో చాప పరుచుకుని, ఆసుపత్రికి తీసుకుపోవలసిన చక్రాల పెట్టె సర్దుకుంటూ కూర్చుంది. ఒక పక్క తన నైటీలు, తువ్వాళ్లు, ఫోను చార్జరు. ఇంకో పక్క పుట్టబోయే బిడ్డకు అరచేతంత చొక్కాలు, మేజోళ్లు, టోపీలు, డైపర్ల కట్ట, అన్నీ కొత్తవి, అన్నీ ఉతికి మడతలు పెట్టినవి. ఏమైనా మరిచిపోయిందేమో చూడమని నన్ను పిలిచింది. నేను వంటింటి గడప దాటలేకపోయాను. అన్నీ ఉన్నాయమ్మా అని అక్కడినుంచే చెప్పి, పాలు పొంగుతున్నాయన్న వంకతో లోపలికి వెళ్లిపోయాను. పొయ్యి మీద పాలు లేవు.

నా ఈడు ఆడవాళ్లకు నేను విడమరచి చెప్పనక్కరలేదు. కాన్పు కాకముందు బిడ్డకని ఒక్క కొత్త గుడ్డ ఇంట్లోకి రానిచ్చేవాళ్లు కాదు మన పెద్దలు, ఉయ్యాల మాటెత్తితే నోరు మూయించేవాళ్లు. ఇప్పటి పిల్లలు దాన్ని మూఢనమ్మకం అంటారు, కావచ్చు కూడా. కానీ నా భయం ఎవరో చెప్పగా పట్టుకున్నది కాదు. నింపిన సంచి నింపినట్టే ఇంటికి తిరిగి రావడం నేను చూశాను.

మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేసేవాడు, ఇంటి ముందుగదే మగ్గం గది. నన్ను తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో గుమాస్తాగా ఉన్న మా ఆయనకిచ్చి చేశారు. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చేనాటికి మా అమ్మకు ఈ పట్టింపులేవీ లేవు. ఉన్నది నేనొక్కతెను, తను ఇంట్లో మంత్రసాని చేతుల్లో పడ్డ యాతన నేను పడకూడదని, నా పురుడు ఆసుపత్రిలోనే జరగాలని ఆమె పట్టుదల. ఆసుపత్రికి ఊరికే చేతులూపుకుంటూ పోతామా అని మెత్తటి మల్లుగుడ్డ తెప్పించి, మధ్యాహ్నాలు వసారాలో కూర్చుని, బొత్తాలు లేకుండా దారాలతో ముడివేసే చొక్కాలు చేత్తోనే కుట్టింది. పాత నూలుచీరలు చింపి మడతలు పెట్టింది, చిన్న బొంత కుట్టింది, చెవులు కప్పే కుల్లాయి కుట్టింది. పుట్టకముందే ఇవన్నీ ఏందని ఇరుగుపొరుగు అడిగితే నవ్వేసి, సూదిలో దారం ఎక్కించుకునేది. నాయన చీరలు తీసుకుని బెంగళూరు పోయినప్పుడు జిప్పున్న నీలంరంగు రెక్సిన్ సంచి కొనుక్కొచ్చాడు. దాంట్లో అమ్మ తను కుట్టినవన్నీ పెట్టి, ఆముదం సీసా, వసకొమ్ము, ఉగ్గుగిన్నె, నాకు శొంఠిపొడి, ఒక ఫ్లాస్కు సర్దింది. అంత సంబరంగా ఆమె ఏ పండక్కీ సర్దుకోలేదు.

ఆ కాన్పు సంగతి ఎక్కువ చెప్పను. నాకు తెలిసిందే తక్కువ. మగబిడ్డ. ఏడవలేదు. పేగు మెడకు చుట్టుకుందన్నారు. నాకు స్పృహ వచ్చేసరికి అంతా అయిపోయింది. వాడి ముఖం నేను చూడలేదు. అమ్మ చూడలేక గోడవైపు తిరిగిపోయిందట. మా ఆయన తాడిపత్రి నుంచి వచ్చేలోగా నాయనే తన భుజం మీది టవలు తీసి, బిడ్డను అందులో చుట్టి, గుండెకానించుకుని నడిచిపోయి, మట్టిచేసి వచ్చాడు. సంచి నా మంచం కిందే ఉంది. దాని జిప్పు తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఇంటికి వచ్చాక నాయన దాన్ని మగ్గం గదిలో అటక మీద పెట్టాడు. అంతే, ఇంట్లో బిడ్డ మాట లేదు, సంచి మాట లేదు.

అప్పటినుంచి అమ్మ వేరే మనిషి అయిపోయింది. తను ఆశపడి కుట్టడం వల్లే ఇలా జరిగిందని ఆమె మనసులో పడిపోయింది. ఎవరూ ఆ మాట అనలేదు, అనవలసిన పనీ లేకపోయింది. సూది పట్టడం మానేసింది. నా రవిక చంక చిరిగితే కూడా ఎదురింటామె దగ్గరికి పంపేది.

రెండేళ్లు తిరిగాక మళ్లీ నెల తప్పాను. ఏడో నెలలో పుట్టింటికి వచ్చేసరికి ఎండాకాలం ముదిరింది. అంతకుముందు ఏడాది వానలు పడలేదు, చెరువు నెర్రెలిచ్చింది, మా వీధి కొసనున్న బోరింగు ఎంత కొట్టినా దగ్గుతుందే తప్ప నీళ్లు తేలవు. ట్యాంకరు వస్తే బిందెల కోసం తలలు పగిలేటట్టు కొట్లాడుకునేవాళ్లు. అమ్మ నాతో కాన్పు గురించి ఒక్క మాట మాట్లాడేది కాదు. కాని రోజూ సాయంత్రం చేసంచి తీసుకుని బయలుదేరేది. పిల్లలు బతికి బట్టకట్టిన ఇళ్లు చూసుకుని, ఆ పిల్లలు వేసి విడిచిన పాతగుడ్డలు అడిగి తెచ్చేది. అలా అడుక్కొచ్చిన గుడ్డల్లో చుడితే దేవుని కన్ను పడదని, బిడ్డకు చెత్తతిప్ప పేరున తిప్పడనో తిప్పమ్మనో పెడితే చెత్తకింద జమకట్టి వదిలేస్తాడని నమ్మకం. రంగు వెలిసిన లాగులు, పాలమరకల చొక్కాలు, చిరుగుల టవళ్లు, అన్నీ ఒక పాతచీరలో మూటగట్టి మూలన పెట్టింది. ఆ మూట చూస్తే నాకు దుఃఖం వచ్చేది. ఒకరి ముందు చెయ్యి చాచడం ఎరగని మనిషి మా అమ్మ.

ఒకరోజు పొద్దున్నే నాయన నిచ్చెన వేసుకుని అటకెక్కి ఆ నీలం సంచి దించాడు. దుమ్ము దులిపి, జిప్పు తీసి, ఒక్కొక్క చొక్కా తీసి వసారాలో పరిచాడు. నేను గుమ్మం పట్టుకుని చూస్తూ ఉండిపోయాను. అమ్మ పెరట్లోనుంచి వచ్చి, చూసి, చేతిలో చెంబు వదిలేసింది.

"ఏమయ్యా, మతి ఉండాదా నీకు? దాన్నేమిటికి దించినావు?"

"ఉతుకుతా," అన్నాడు నాయన. "బిడ్డకు కావల్ల కదా."

"బిడ్డకా! ఆ గుడ్డలా! వాడు పోయినంక ఆ గుడ్డలు ఇంట్లో పెట్టుకునేదే తప్పు. నువ్వు ఇంగో బిడ్డకు తొడుగుతానంటాండావా?"

నాయన తల ఎత్తలేదు. ఎప్పుడూ పది మాటలు కలిపి మాట్లాడే మనిషి కాదాయన. ఆరోజు మాత్రం నేలమీది చొక్కాలకేసి చూస్తూనే మాట్లాడాడు.

"నువ్వు ఊరంతా తిరిగి ఎవరెవరి పిల్లల పాతగుడ్డలో అడుక్కోనొస్తాండావు. పెద్దోని గుడ్డలు చిన్నోళ్లకు ఏసేది మన యీదిలో లేనిదా? మనింట్లోనే పెద్దోడున్నాడు. ఇవి వాని గుడ్డలు."

"ఒక్క పూటన్నా తొడుక్కున్నాడా వాడు?" అని అమ్మ అరిచింది. అరిచి, అక్కడే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

"తొడుక్కోకపోతే ఏమి? వానికని కుట్టినావు. వానియ్యే," అన్నాడు నాయన. నన్ను చూస్తూ, ఇన్నాళ్లూ నేను అడగడానికి భయపడిన మాట తనే చెప్పాడు. "నీ మాదిరే ఉండెనమ్మా మొగం. నుదురంతా నీదే."

నేను గుమ్మంలోనే కూర్చుండిపోయాను. వాడికి ముఖం ఉండేదన్న సంగతి, అది నాలాంటిదన్న సంగతి, నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

నాయన తన స్నానానికి ఉంచుకున్న నీళ్లలోనే కుంకుడుకాయలు నానబెట్టి, పెరట్లో బండ మీద కూర్చుని, ఆ గుడ్డలన్నీ తనే ఉతికాడు. ఉతికి, ఎక్కడో చాటున వేయకుండా, వీధిలో పట్టు పడుగు దారాలు సాచడానికి పాతిన కొయ్యలకు తాడు కట్టి ఆరేశాడు. వీధి వీధంతా చూసింది. ఎదురింటామె ఉండబట్టలేక, "ఏందన్నా ఇది, ఎవరన్నా ఇట్ల చేస్తారా? కడుపుతో ఉండే పిల్ల ఇంట్లో ఉండాదే," అంది. నాయన ఒక చొక్కా ముడి సరిచేసి లోపలికి వచ్చేశాడు. ఆ రోజునుంచి అమ్మ ఆయనతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, పలకరించేది కాదు. మగ్గం చప్పుడు తప్ప ఇంట్లో వేరే అలికిడి లేదు. మధ్యలో నేను. నాయన మాట వింటే ధైర్యం, అమ్మ ముఖం చూస్తే వణుకు. ఆరిన గుడ్డలు ముట్టుకోవాలని ఉండేది, చెయ్యి చాచి వెనక్కి తీసుకునేదాన్ని.

నొప్పులు మిట్టమధ్యాహ్నం మొదలయ్యాయి. జట్కా వచ్చి వాకిట్లో నిలబడింది. అమ్మ మూట చంకన పెట్టుకుని వచ్చింది. నాయన సంచి పట్టుకుని గుమ్మం పక్కన నిలబడ్డాడు, ఎక్కించనూ లేదు, లోపల పెట్టనూ లేదు, నా వంకే చూశాడు. నేనేదో ధైర్యంగా తేల్చి చెప్పానని రాయాలని ఉంది, కానీ అప్పుడు నా ఒళ్లు నాది కాదు. "రెండూ రానీ నాయనా," అన్నాను.

ఆసుపత్రిలో ఎంతసేపు పట్టిందో తెలియదు. బిడ్డ బయటపడింది, ఏడుపు లేదు. ఆ నిశ్శబ్దం అంటే ఏమిటో నాకు తెలుసు. పైకప్పు ఫ్యాను వంక చూస్తూ, ఇంకేమీ కోరుకోవడానికి కూడా భయపడి పడుకున్నాను. నర్సు బిడ్డ వీపు చరుస్తోంది. మళ్లీ చరిచింది. అప్పుడు పిల్లికూనలాగా ఒక సన్నటి గొంతు, దాని వెనకే గట్టి ఏడుపు.

నర్సు తలుపు ఓరగా తీసి, "ఆడబిడ్డమ్మా! గుడ్డలీయండి, చుట్టల్ల," అని కేకేసింది.

బయట అలికిడి లేదు. నర్సు మళ్లీ అడిగింది. మంచం మీదినుంచి నాకు గోడ తప్ప ఏమీ కనిపించదు, చెవులు మాత్రం తలుపు దగ్గరే ఉన్నాయి. అప్పుడు వినబడింది, జిప్పు తీసిన చప్పుడు.

నాయన ఆ సమయంలో మందుల కోసం బయటికి పోయి ఉన్నాడు. తలుపు దగ్గర ఉన్నది అమ్మ ఒక్కతే. ఎందుకలా చేశావని చాలా ఏళ్ల తరువాత అడిగాను. "ఏమో, చెయ్యి దానిమీదికే పోయింది," అంది అంతే.

అక్కడితో భయం తీరలేదు. ఇంటికొచ్చిన కొన్నాళ్లకే పిల్లకు జ్వరం తగిలి, పాలు పట్టక, ఒళ్లు కాలిపోయింది. మళ్లీ ఆసుపత్రి. ఎదురింటామె చూడటానికి వచ్చి పిల్ల ఒంటిమీది చొక్కానే చూసి పోయింది. నాయన మగ్గం ఆపేసి ఆసుపత్రి అరుగు మీద కూర్చుండిపోయాడు. ఆ రోజుల్లో ఆయన ముఖం చూస్తే, తప్పు చేశానేమో అని ఆయనకూ అనిపించిందని నాకు తెలిసిపోయేది. అమ్మ ఆయన మీద ఒక్క నిందా వేయలేదు. చెమటకు తడిసిన చొక్కా విప్పి, ఆ సంచిలోదే ఇంకోటి తొడిగేది. జ్వరం దిగిన రోజు, నెలలు గడిచాక మొదటిసారి ఆయనను పలకరించింది. "పోయి రోంత తిను. పిల్ల పాలు తాగుతాండాది," అంది. నాయన తువాలుతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. బిడ్డను మట్టిచేసి వచ్చిన రోజు కూడా ఆయన ఏడవగా నేను చూడలేదు.

ఆ పిల్లే మా అమ్మాయి. తిప్పమ్మ అని పెట్టలేదు. ఇప్పుడు తన కూతురి కాన్పు కోసం ఎదురుచూస్తోంది. రోజులు మారాయి, మంచికే మారాయి. పేగు ఎక్కడుందో, గుండె ఎలా కొట్టుకుంటోందో ముందే చూసి చెబుతున్నారు. బిడ్డ గుండెచప్పుడు మనవరాలు ఫోనులో పెట్టి నాకు వినిపించింది. ఆ పాటి చూసే దిక్కుంటే నా పెద్దవాడు ఉండేవాడేమో అని ఒక్కొక్కసారి అనిపిస్తుంది. కానీ ఆ మాట ఇంట్లో ఎవరితో అనను. కడుపుతో ఉన్న పిల్ల ముందు అలాంటివి మాట్లాడొద్దని మా అమ్మాయి మెల్లగా కోప్పడుతుంది. దాని కోపంలో న్యాయం ఉంది.

మొన్న కింది వాటాలో కొత్తగా దిగినామె మేడమీదికి వచ్చి, మీకెంతమంది పిల్లలు అని అడిగితే, ఒక కూతురు అన్నాను. ఎప్పుడూ అదే చెబుతాను, అలాగే అలవాటైపోయింది. మా నాయన బతికున్నన్నాళ్లూ నా సంగతి ఎవరు అడిగినా, పెళ్లిళ్లలోనైనా బస్సులో పక్కన కూర్చున్న ముక్కూముఖం తెలియని వాళ్లతోనైనా, "మా పాపకు ఇద్దరు. పెద్దోడు పుట్టినపుడే పోయినాడు," అని చెప్పేవాడు. వాడిని చూసినవాడు ఆయన ఒక్కడే. ఆయన పోయాక నాకు ఇద్దరని చెప్పేవాళ్లు లేరు.