కాలువ గట్టు టేకు

మా గురువు అడిగింది ఒక్క టేకు బిళ్ల, అంటే మానును అడ్డంగా కోసిన గుండ్రటి ముక్క. ఆ చెట్టు గుట్ట మీదిదై ఉండాలి, వాననీళ్లు తప్ప వేరే నీళ్లు తాగి ఉండకూడదు. చెట్టు తాగిన నీటిలో బరువైన ఆక్సిజన్ ఎంత, తేలికది ఎంత అన్న గుర్తు మానులో ఆ ఏడు పడిన వలయంలో నిలిచిపోతుంది. వలయాలు ఒక్కొక్కటే చెక్కి కొలిస్తే ఏ ఏడు వాన ఎట్లా కురిసిందో చెప్పవచ్చు. డెబ్బైల్లో మా దగ్గర అది కొత్త చదువు. నాకు డాక్టరేటు రావాలంటే ఆ బిళ్ల కావాలి.

ఎండలో గుట్టలెక్కడానికి బద్ధకించి మిర్యాలగూడలో ఒక సామిల్లుకు పోయాను. దుంగ గుట్ట మీదిదేనని యజమాని అన్నాడు. కోతపని చేసే తండా ఆయన మిషన్ ఆపాడు.

"గుట్టది కాదు సారూ, కాలువ గట్టుది. నేనే కొట్టిన. సాగర్ నీళ్లొచ్చినంక గీ బయటి గీతలు సూడు, ఎంత ఎడమెడమయినయో."

"చదువుకున్నోనికి చెట్టు ముచ్చట నేర్పుతవా? కొయ్యి," అన్నాను.

గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించడమంటే అదే. ఆయనది మా నాన్న వయసు. అయినా బిళ్ల కోసి, దారిలో పగలకుండా గోనెపట్టాలో చుట్టి ఇచ్చాడు. నేను నోటుబుక్కులో "గుట్ట, వానాధారం" అని రాసుకున్నాను.

బొంబాయిలో కొలిపిస్తే చివరి వలయాల్లో లెక్క ఒక్కసారిగా మారిపోయింది. ఆ ఏళ్లలో వానల తీరే మారిందని గురువు పొంగిపోయారు. నాకు మాత్రం అసలు సంగతి అర్థమైంది. ఎక్కడో ఎగువన కురిసిన వాన కృష్ణలో వచ్చి, సాగర్‌లో ఎండకు కాగి, తేలికది కొంత ఆవిరైపోయి, కాలువ వెంట ఆ వేళ్లకు అందింది. మారింది చెట్టు తాగిన నీళ్లు. ఆ సంగతి తండా ఆయన ముందే చెప్పాడు.

చెట్టు పెరిగిన చోటు మీద గురువుకూ అనుమానం రాకపోలేదు.

"చెట్టు కొట్టినవాళ్లను అడిగావా?" అన్నారు.

నిజం చెబితే రెండేళ్ల పని బూడిదలో పోసిన పన్నీరే.

"అడిగాను సార్. వాళ్లకేం తెలియదు," అన్నాను.

ఆయన నమ్మారు. ఆ లెక్కతో మా వ్యాసం అచ్చయింది, డాక్టరేటు వచ్చింది, సూర్యాపేటలో కాలేజీ ఉద్యోగమూ వచ్చింది. మా లెక్క తప్పని తర్వాత ఇంకెవరో తేల్చారు. అందుకు నేనేమీ పెద్దగా బాధపడలేదు. నాకు సిగ్గంతా ఆ వ్యాసం మొదటి పేజీ దగ్గరే. చెట్టు ఎక్కడ పెరిగిందో దాన్ని కొట్టిన కూలీలకు తెలియదని అక్కడ ఒక వాక్యం అచ్చయి ఉంది. అది నా చేత్తో రాసిందే.