ఎద్దును కట్టినట్టు కట్టిన పడవ

యుద్ధం నడుస్తున్న రోజుల్లో నేను మదనపల్లెలో ఒక మిషన్ ఆస్పత్రి కాంపౌండర్ని. పులికాట్ సరస్సు దీవుల్లో తిరిగే మందుల పడవకు ఒక మనిషి కావాలని కబురొచ్చింది. నీళ్ళంటే భయం లేనివాళ్ళెవరని డాక్టరమ్మ అడిగితే అందరికంటే ముందు నా చెయ్యే లేచింది. చిన్నప్పుడు పుంగనూరు చెరువులో గేదె తోక పట్టుకుని అవతలి గట్టు చేరిన అనుభవం నాకుంది మరి. ఈత కొట్టింది గేదె అని నేను చెప్పలేదు, ఆమె అడగలేదు.

మా ఆవిడది కుప్పం. ఆమెకూ ఈత రాదు. పైగా అప్పుడు ఐదో నెల. ఒక ట్రంకుపెట్టె, రాగిపిండి మూట తీసుకుని ఇద్దరం ఆ తెరచాప పడవలోనే కాపురం పెట్టాం.

పడవలో కాపురమంటే పడవకు చాకిరీ చెయ్యడమే. పొద్దున లేవగానే అడుగున చేరిన నీళ్ళు తోడాలి. పలకల సందుల్లో పీచు కుక్కి తారు పూయాలి. తెరచాప చినిగితే కుట్టాలి. నేను వేసిన మాసిక చూసి, రోగులకు కూడా ఇట్లాగే కుట్లు వేస్తారా అయ్యా అని ముసలి సరంగు చాలా మర్యాదగా అడిగాడు. ఆ పడవ నడిపేది ఆయనే.

అక్టోబరు చివర్లో, తుపాన్ల రోజుల్లో, బంధువుల ఇంట్లో చావుంటే సరంగు వెళ్ళాల్సి వచ్చింది. రెండు రోజులు పడవను కాపాడమన్నాడు. పడవ పోతే దీవుల్లో చలిజ్వరాల వాళ్ళకు క్వినైన్ అందించే దారి లేదన్నాడు. నేనున్నాను కదా అని ధైర్యం చెప్పి పంపాను.

రెండో రోజు పొద్దున తూర్పుగాలి లేచింది. సరంగు లంగరు వేసి, ఒడ్డుకు తాళ్ళను ఎప్పుడూ వేలాడేటట్టు వదులుగా కట్టేవాడు. ముసలాయన బద్ధకం అనుకునేవాణ్ణి. మా వైపు గాలివాన వస్తే ఎద్దును గుంజకు పొట్టిగా కడతాం, బెదిరి కాలు విరగ్గొట్టుకోకుండా. నాకు తెలిసిన జాగ్రత్త అదొక్కటే. పడవ ముందు తాడూ వెనక తాడూ బిగలాగి ఒడ్డున రెండు తాటిచెట్ల మొదళ్ళకు కట్టేశాను. ముడి మీద ముడి వేశాను. పడవ కదల్లేదు. నా పనితనం చూడమని మా ఆవిణ్ణి బయటికి పిలిచాను కూడా.

మధ్యాహ్నానికి నీళ్ళు పెరగసాగాయి. మా చెరువు నిండాలంటే ఏళ్ళు పడుతుంది. పూటలో మూడడుగులు లేచే నీళ్ళు నేనెక్కడ చూశాను? పడవ లేవాలని చూస్తోంది, తాళ్ళు లేవనివ్వడం లేదు. ఒడ్డువైపు అంచు కిందికి ఒరిగి నీళ్ళు లోపలికి వచ్చాయి. నేను మాత్రం డబ్బా పుచ్చుకుని తోడుతున్నాను. తోడినకొద్దీ వస్తున్నాయి. అప్పటికీ తాళ్ళు గట్టిగా ఉన్నాయిలే అనే అనుకున్నాను.

మా ఆవిడ మందులపెట్టెను ఎత్తుమీదికి జరిపి, ఒక చేత్తో కడుపు పట్టుకుని వచ్చింది.

"పడవ పైకి లేస్తాండాది. నువ్వేమో దాన్ని కిందికి లాగి కట్టినావు. తాళ్ళు కొయ్యి."

తడిసిన ముడులు ఊడవని తెలుసు. కానీ కొత్త తాడు, ఆస్పత్రి తాడు, కోస్తే ఏం చెప్పాలని గొణిగాను. ఆమె చేపలు కోసే కత్తి తీసుకుని ముందు తాడు కోసేసింది. పడవ ముందుభాగం దిగ్గున లేచింది. కత్తి నా చేతిలో పెట్టింది. వెనక తాడు నేను కోశాను. పడవ లంగరు మీద అటూ ఇటూ తిరిగింది గానీ మునగలేదు.

మర్నాడు సరంగు వచ్చి చెట్లకు మిగిలిన తాడు ముక్కలను చూశాడు. సమయానికి కోశారు, ఎవరయ్యా కోసింది అన్నాడు. నేనే అనడానికి నోరు తెరిచాను. అక్కడే తడి చీర ఆరేస్తున్న మనిషిని చూసి సిగ్గేసింది.

"కోసింది ఆమె. కట్టింది నేను," అన్నాను.

ఇప్పుడు పుంగనూరులో మాకొక ఆవుంది. సాయంత్రం నేను దాన్ని కట్టేటప్పుడు మా ఆవిడ పెద్దకూతురితో సహా వాకిట్లోకి వస్తుంది.

"ఇంకో మూర ఒదులు," అంటుంది.

ఆ మూర తాడుతో ఆవు పక్కింటి చిక్కుడు పాదు దాకా వెళ్తుంది. రోజూ పక్కింటివాళ్ళతో తిట్లు తింటున్నాను, రోజూ వదులుతున్నాను.