వ్యానెక్కని గిటారు

గుణదలలో గిటారు ఏసుపాదం అంటే తెలియనివాళ్లు తక్కువ. కాని చాలా ఏళ్లపాటు ఆయన ఇంట్లో గిటారే లేదు. ఈ మాట ఆయన భార్య అమలమ్మ చెబితే నేను నమ్మలేదు. పెళ్లి పందిళ్లలో ఆ మనిషి వాయించగా విని విని నాకు శ్రుతి అంటే ఏమిటో కాస్త తెలిసింది. అలాంటివాడి ఇంట్లో గిటారు లేకపోవడమేమిటి?

"ఎక్కడుంటదండీ? వ్యాన్లో వచ్చిద్ది, వ్యాన్లో పోయిద్ది," అంది అమలమ్మ.

అది పద్ధతట. రైల్వే కాలనీలో ఒక గార్డుగారి దగ్గర గిటారు పట్టుకోవడం నేర్చుకుని, ఒకటి రెండు చిన్న బృందాల్లో తిరిగి, ఏసుపాదం డెబ్భై ఒకటిలో నవచంద్రిక ఆర్కెస్ట్రాలో చేరాడు. దాని యజమాని రత్తయ్య. గిటారు, డ్రమ్ములు, మైకులు అన్నీ ఆయనవే. వాయించేవాళ్లు ఒట్టి చేతులతో రావాలి, ఒట్టి చేతులతో పోవాలి. ఆఖరి పాట అయ్యీ అవగానే సామానంతా వ్యానెక్కి రత్తయ్య ఇంటికి చేరుతుంది. సొంత వాయిద్యం ఉన్నవాడు రేపు ఇంకో ఆర్కెస్ట్రాకి పోతాడు, లేనివాడు ఎక్కడికి పోతాడు? పాట పాడే గొంతును మాత్రం వ్యానులో వేసి తాళం పెట్టలేరు కాబట్టి పాడేవాళ్లకు మర్యాదలు, ముందు వరస కుర్చీలు. ఇదీ మన కళాపోషణ!

మద్రాసు నుంచి గిటారు తెప్పించుకునే స్తోమత ఏసుపాదానికి లేదు. ఇంట్లో ఒక చెక్కకు సైకిలు బ్రేకు తీగలు బిగించుకుని దాని మీద వేళ్లు తిప్పుకునేవాడు. అది పలకదు. వేళ్లు దారి మరిచిపోకుండా ఉంటే చాలని.

"మీకేం కావాలండీ అసలు?" అని ఒకసారి అడిగాను.

"నాకంటూ ఒకటుండాలండీ. ప్రోగ్రాం అయ్యాక ఎవరూ వచ్చి చేతిలోంచి తీసుకోకూడదు. అంతే."

డెబ్భై అయిదు క్రిస్మస్‌కి వ్యాను డ్రైవరు ఇశ్రాయేలు ధైర్యం చేశాడు. "పండక్కి వాయించుకో బావా, మజ్జానానికల్లా ఇచ్చెయ్," అని గిటారు, దాని సౌండు పెట్టె ఏసుపాదం ఇంటి దగ్గర దించాడు. పొద్దున చర్చి పూజలో ఏసుపాదం వాయిస్తుంటే గుడిలో పిల్లలు పాడటం మానేసి ఆయన వేళ్లనే చూస్తున్నారట. రెండో పాట నడుస్తుండగా రత్తయ్య వచ్చాడు. చెప్పులైనా విప్పకుండా నేరుగా పీఠం దాకా నడిచి, ఏసుపాదం మెడలోంచి గిటారు పటకా తీశాడు.

"దొంగ నాయాలా! నా సామాను నీ బాబు సొత్తనుకున్నావంట్రా?"

ఏసుపాదం ముగ్గురు పిల్లలూ ముందు వరసలోనే ఉన్నారు. అంతమంది పెద్దమనుషుల్లో ఒక్కరంటే ఒక్కరు లేచి, "పాటన్నా అవనివ్వండి" అనలేదు. ఫాదర్‌గారు కళ్లు మూసుకున్నారట. ప్రార్థనకో, సిగ్గుకో ఆయనకే తెలియాలి. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అమలమ్మ మాత్రం, "దొంగన్నందుకు కాదండీ, పాట సగంలో ఆపించాడే, అందుకేడ్చాడు మాయన," అంది.

ఆ మర్నాటి నుంచి ఏసుపాదం ఆర్కెస్ట్రా గడప తొక్కలేదు. వన్‌టౌన్‌లో సుభాని మోటారు వైండింగ్ షాపులో పనికి కుదిరాడు. కాలిపోయిన పంపు మోటార్లలోని రాగితీగ పీకేసి కొత్తది చుట్టే పని. ఉప్పెన వచ్చిన ఏడాది దివిసీమ నుంచి ఉప్పునీళ్లు తాగిన మోటార్లు లారీల్లో వచ్చి పడ్డాయి. చుట్టీ చుట్టీ వేళ్లు కాయలు కాశాయి. ఆ చుట్టడంలోనే ఆయనకో సంగతి తట్టింది. కరెంటు గిటారులో తీగల కింద ఉండేది కూడా అయస్కాంతమూ, దాని చుట్టూ రాగితీగే కదా!

మోటారు తీగ లావు, పనికిరాలేదు. పాత రేడియోల్లోంచి వెంట్రుకంత తీగ తీసి, సైకిలు డైనమోలోని అయస్కాంతానికి చుట్టాడు. తెగింది. మళ్లీ చుట్టాడు. పలికింది గాని, పాటకన్నా గురగుర ఎక్కువ.

"ఇది గిటారా, బోరు మోటారా భాయ్?" అని సుభాని ఒకటే నవ్వు.

నవ్వుతూనే వడ్రంగి చేత టేకు చెక్క కోయించింది ఆయనే. డెబ్భై తొమ్మిదిలో ఒక మధ్యాహ్నం షాపులో రేడియోకు తగిలించి మీటితే, గురగుర లేకుండా, నిండుగా పలికింది. బజారు జనం గుమ్మం ముందు మూగారు.

ఆ కబురు రత్తయ్యకు చేరింది. ఆయన దగ్గర గిటారు వాయించే కుర్రాడు మద్రాసు చెక్కేశాడు. ఆర్కెస్ట్రా గిటారు మెడ వంగిపోయింది. ఏ మొహం పెట్టుకుని వచ్చాడో గాని వచ్చాడు.

"ఏరా ఏసుపాదం, ఆదివారం ఇబ్రహీంపట్నం థర్మల్ కాలనీలో ప్రోగ్రాం. నీ గిటారు తీసుకుని వచ్చెయ్."

"దొంగ చేసిన సామాను మీకెందుకండీ రత్తయ్యగారూ?" అన్నాడు సుభాని.

"కోపంలో ఏదో అన్నాలేవయ్యా!"

ఏసుపాదం సరేనన్నాడు. నాకు మండిపోయింది. ఎందుకు ఒప్పుకున్నారని నిలదీశాను.

"జనం ముందు వాయించి నాలుగేళ్లయిందండీ," అన్నాడు.

నేనూ వెంట వెళ్లాను. ఎండపూట కార్యక్రమం. ఆయన వాయిస్తుంటే పాడే అమ్మాయి చరణం మరిచి వెనక్కి తిరిగి చూసింది. అంతా అయ్యాక వ్యాను స్టేజీ వెనక్కి వచ్చింది.

"ఎక్కించు," అన్నాడు రత్తయ్య.

"ఇది నాదండీ."

"నీదేలేరా, ఎవరు కాదన్నారు? ఆర్కెస్ట్రా సామాను మా ఇంట్లోనే ఉంటది. పద్ధతి తెలీదా? ఎక్కించకపోతే మళ్లీ ఏ స్టేజీ ఎక్కుతావో చూస్తా!"

ఏసుపాదం మెడలోంచి గిటారు తియ్యలేదు. అలాగే మెట్లు దిగి, వ్యాను పక్కనుంచి నడిచి, రోడ్డు మీద బస్సాపాడు.

"అది పైన వెయ్యండి," అన్నాడు కండక్టరు.

"వెయ్యను."

"లోపల మనుషులకే చోటు లేదండీ!"

"నించుంటాను."

కూరగాయల గంపతో కూర్చున్న ఒకావిడ ఇదంతా చూస్తోంది. గంప ఒళ్లోకి లాక్కుని పక్కకి జరిగింది. "నువ్వు నించుంటే నించో గాని అయ్యా, దాన్నిట్టా కూచోబెట్టు," అంది.