తోక మాస్టారి అభ్యంతరం

రోజూ పొద్దున్నే తోక మాస్టారు కుళాయి కింద బకెట్ పెట్టి, అది నిండేలోగా దినపత్రికలో ఏదో ఒక వార్త గడగడా చదివేస్తాడు. మధ్యలో ఊపిరి తీసుకుంటే ఓడినట్టు. ఓడిన రోజున స్నానం కూడా ముభావంగానే చేస్తాడు.

ఇది ఆయన వృత్తికి సాధన. రేడియోలో పెట్టుబడి పథకాల ప్రకటనలు వస్తాయి కదా. ముందు ఒక తియ్యటి గొంతు మీ డబ్బు రెట్టింపు అవుతుందంటుంది. వెనక ఎక్కడో పాపాయి నవ్వుతుంది. చివర్లో ఎవరో తరుముతున్నట్టు ఒక మగగొంతు ఏదో గొణిగి మాయమవుతుంది. ఆ గొంతు ఈయనదే. నష్టం రావచ్చని, సొమ్ము మొత్తం పోవచ్చని, పోతే మా పూచీ లేదని కంపెనీ చట్టప్రకారం చెప్పి తీరాల్సిన మాటలవి. స్టూడియోలో వాటిని తోక అంటారు. తోక ఎంత పొట్టిదైతే కంపెనీకి అంత ఆదా, ఎంత అర్థం కాకపోతే అంత ఆనందం. నిజాన్ని నలుగురిలో చెప్పి కూడా ఎవరికీ తెలియనివ్వకపోవడం సామాన్యమైన విద్య కాదు. ఇరవై ఏళ్లుగా ఆ విద్యతోనే ఇల్లు గడుస్తోంది.

ఇంట్లో మాత్రం దానికి గిరాకీ లేదు.

“అల్లుడుగారు ఉప్పడిగారో నీళ్లడిగారో తెలీక రెండూ పెడుతున్నానే,” అంటుంది అత్తగారు.

“పెళ్లికి ముందు నన్నేమడిగారో నాకిప్పటికీ తెలీదమ్మా. సరేనన్నాను,” అంటుంది ఆయన భార్య.

ఇలాంటి పచ్చని సంసారం మీద ప్రభుత్వం ఒక బిల్లు ముసాయిదా పడేసింది. కంపెనీలు తమ నష్టభయాలను ఇక మీదట వినేవాడికి అర్థమయ్యేలా, మామూలు వేగంతో చెప్పాలట. జనానికి విషయం తెలియాలన్న ఈ దుర్బుద్ధి ఎవరికి పుట్టిందో గాని, మాస్టారికి అన్నం సయించలేదు. నిదానంగా చదవడానికి ఆయనే ఎందుకు? ఎవరైనా చదువుతారు.

కంపెనీల సంఘం కార్యదర్శి వెతుక్కుంటూ ఇంటికే వచ్చాడు. ఆయన కారు సందులో పట్టక వీధి చివర ఆగింది.

“మీ పొట్ట కొడుతున్నారండీ మాస్టారూ. మాదేముంది, ఎలాగో బతుకుతాం. అభ్యంతరాలు వినడానికి కమిటీ కూర్చుంటోంది. మీరొచ్చి ఒక్క మాట చెప్పండి చాలు.”

ఆయన వెళ్లాక భార్య అంది, “కంపెనీలవాళ్లు మన మీద జాలిపడ్డారంటే ఓసారి ఆలోచించండి.”

మాస్టారు ఆలోచించాడు. అదీ వేగంగానే.

కమిటీ అధ్యక్షురాలు వినికిడి కాస్త తగ్గిన పెద్దావిడ. మాస్టారు లేచి, తన కష్టమంతా ఒక్క ఊపిరిలో వెళ్లబోసుకుని కూర్చున్నాడు.

“ఏమన్నారు బాబూ?” అందావిడ. అటూ ఇటూ చూసింది. ఎవరికీ తెలియదు. “సరే, రేడియోలో చదివేది ఏదో ఉందిగా, దాన్ని నాకు చెప్పినట్టు నిదానంగా చదవండి. తేడా ఏమిటో చూస్తాం.”

ఇన్నేళ్లలో ఆయన్ని ఎవరూ కోరని కోరిక. గొంతు సవరించుకున్నాడు. మీరు పెట్టిన సొమ్ము మొత్తం పోవచ్చు అని చదివాడు. గతంలో లాభం వచ్చిందని ఇకపైన వస్తుందనుకోవద్దు అని చదివాడు. పోయినదానికి మమ్మల్ని అడగొద్దు అని కూడా చదివాడు. వెనక వరసలో కార్యదర్శి కారు డ్రైవరు పక్కవాడి వైపు వంగాడు.

“అన్నా, సారు నాచేత డబ్బు పెట్టించింది కూడా ఇందులోనేనా?”

కార్యదర్శి మొహం మాడిపోయింది. ఆ మాటలు నిదానంగా కాదు, అసలు వినపడనే కూడదని కంపెనీలకు ఆ రోజు తెలిసొచ్చింది. తర్వాత వాళ్లు ఎవరెవరిని కలిశారో వెల్లడించాలని ఏ చట్టంలోనూ లేదు గనక మనకు తెలియదు. బిల్లు చట్టమయ్యేసరికి ఆ నిబంధన మారింది. హెచ్చరికను గొంతుతో చదవనక్కర్లేదు, కంపెనీ వెబ్‌సైటులో ఓ మూల పెడితే చాలు. కారణం కూడా గౌరవంగా రాశారు: వేగంగా చదివే కళాకారుల ఇబ్బందిని దృష్టిలో పెట్టుకుని.

“గెలిచాం మాస్టారూ,” అన్నాడు కార్యదర్శి ఫోనులో.

“మరి నా పని?”

“ఇక మీకా శ్రమ లేదు కదండీ.”

సంగతి విని అత్తగారు కూతుర్ని ఓదార్చింది. “ఆయన మాట మనకే అంతుబట్టలేదు గాని, ప్రభుత్వానికి బాగానే అర్థమైందే.”

మాస్టారు ఇప్పుడు ఒక కంటి ఆసుపత్రిలో మైకు ముందు కూర్చుని రోగుల్ని పేరుపేరునా, నిదానంగా లోపలికి పిలుస్తాడు. ఆదివారం సెలవు.