మిగిలిన సగం సాలు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు మొదట్నుంచీ విసుగు. మాది వేంపల్లెలో కిరాణా కొట్టు. తూచి చూసుకుంటేగానీ దేన్నీ నమ్మని ఇంట్లో పెరిగాను. వీధిలో ఎవరికో పూనకం వచ్చిందని జనమంతా పరుగెత్తినా మా నాన్న కొట్టు వదిలి కదిలేవాడు కాదు. నేనూ అంతే. ఇప్పుడు చెప్పేది మీరు నమ్మి తీరాలని పట్టుబట్టను. కళ్లు మండింది నాకు కాబట్టి చెబుతున్నాను.

నేను కర్నూలులో ఒక ఆడిటర్ దగ్గర పనిచేస్తాను. ఇంట్లో పెళ్లి మాట ఎత్తినప్పుడల్లా సీఏలో ఇంకో గ్రూపు మిగిలుందని చెప్పి నెట్టుకొస్తున్నాను. పాత ఊర్లో ఒక మిద్దె మీద చిన్న రూము. అందులో నాతోబాటు ఉండేది హుసేనమ్మ.

పేరు విని మా ఓనరమ్మ ముస్లిం పిల్లేమో అనుకుంది. గది గోడకు ఆంజనేయస్వామి పటం తగిలించేసరికి ఇంకా తికమకపడింది. ఆదోని అవతల పల్లెల్లో దర్గాకు మొక్కుకుని పిల్లల్ని కంటే హిందువుల ఇళ్లలో కూడా ఈ పేర్లే పెడతారు. ఆ సంగతి ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది.

హుసేనమ్మ పగలంతా చీరల అంగట్లో నిలబడే ఉండేది. వచ్చినవాళ్లకు చీరలు పరిచి చూపించడం, వాళ్లు పెదవి విరిచి పోతే మళ్లీ మడత పెట్టడం. సాయంత్రం వచ్చి, కాళ్లు గోడకు ఆనించి పడుకుని చదువుకునేది. తెల్లారకముందే లేచి, నీళ్లు లేని తుంగభద్ర ఇసుకలో పరుగు తీసేది. కానిస్టేబుల్ కావాలని ఆ పిల్ల పట్టుదల. నేను అలారం నొక్కి మళ్లీ ముసుగు తన్నే సమయానికి తను చెమటతో తిరిగొచ్చి నాకు టీ పెట్టేది. చూసి సిగ్గుపడేదాన్ని గానీ లేచేదాన్ని కాదు.

అంతకుముందు ఒకసారి రాతపరీక్ష గట్టెక్కి, పరుగులో ఆఖరి రౌండులో కూలబడింది. ఈసారి కూడా పోతే వయసు దాటిపోతుంది. అప్పుడు మళ్లీ సుగ్గికి పోవడమే.

వాన మొహం చాటేసిన ఏడాది వాళ్ల ఊరివాళ్లు ఇళ్లకు తాళాలు వేసుకుని గుంటూరు వైపు మిరపకోతకు పోతారు. దాన్ని సుగ్గి అంటారు. హుసేనమ్మ బడి మాని ఎన్నోసార్లు పోయింది. ఒక ఆదివారం ఉగ్గాని, బజ్జీ తింటూ ఆ పని గురించి చెప్పింది. ఒక్కొక్కరు ఒక్కో సాలు, అంటే ఒక్కో చెట్ల వరస, పట్టుకుని కోస్తారట. ముందు ముగించినవాళ్లు గట్టు మీద కూర్చోరు. వెనకబడినవాళ్ల సాలుకు అవతలి కొస నుంచి కోసుకుంటూ ఎదురొస్తారు. ఇద్దరూ కలిసిన చోట సాలు అయిపోయినట్టే.

హుసేనమ్మ చేయి నిదానం. ఆమెకు ఎప్పుడూ ఎదురొచ్చేది వాళ్లక్క ఈరమ్మ.

"తలకాయ వంచుకోని కోస్తా ఉంటినక్కా. ఇంకా సగం ఉండాదే దేవుడా అని తలెత్తితే ఎదురుగ్గా మాయక్క. అంతే, సాలు అయిపాయె."

ఈరమ్మ పదోతరగతితో చదువు మాని, చెల్లెల్ని డిగ్రీ దాకా చదివించింది. సుగ్గి నుంచి ఇంటికి తిరిగొస్తుంటే ఆటో బోల్తాపడి చనిపోయింది. అది చెప్పేటప్పుడు కూడా హుసేనమ్మ ఏడవలేదు. ప్లేటు కడిగిపెట్టి పుస్తకం తీసుకుంది. అంత గుండె నాకు లేదు, ఉందని గొప్పలు పోను.

పరుగు పరీక్ష రోజు నేను సెలవు పెట్టి వెంట వెళ్లాను. జడ నేనే బిగించి వేశాను. ఛాతీ మీద నంబరు నేనే పిన్నులతో పెట్టాను. ఒక అరటిపండు తప్ప తను ఏమీ తినలేదు, మేం రూములో పొయ్యి వెలిగించనే లేదు. గేటు దగ్గర తన రెండు చేతులూ నా చేతుల్లోకి తీసుకుని ధైర్యం చెప్పి పంపాను. చేతుల సంగతి గుర్తుపెట్టుకోండి.

మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. కంచె బయట తల్లిదండ్రుల మధ్య నిలబడి చూశాను. ఎండ అప్పుడే ఎక్కుతోంది. హుసేనమ్మ మొదట్లో బాగానే పరిగెత్తింది. ఆఖరి రౌండు మొదలవగానే భుజాలు వాలిపోయాయి. నోరు తెరుచుకుంది. ఒక్కొక్కరే ఆమెను దాటిపోతున్నారు.

అప్పుడు ట్రాక్ మీద ఒక ఆడమనిషి ఎదురు దిక్కు నుంచి వస్తూ కనిపించింది. చీర మీద మగవాళ్ల గళ్ల చొక్కా, తలకు తువ్వాలు. వంగి, తొందర లేకుండా నడుస్తోంది. మైదానం ఊడ్చే ఆమె అనుకున్నాను. ఇంత ముఖ్యమైన సమయంలో అడ్డం వచ్చిందేమిటని నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏమ్మా, పక్కకు జరుగు, పిల్లోళ్లు పరిగెత్తాండారు కనపడలేదా" అని కంచె పట్టుకుని గట్టిగా అరిచాను.

పక్కనున్న పెద్దాయన నావైపు వింతగా చూశాడు. "ఎవుర్ని తల్లీ తిట్టేది? ఆడ ఎవురూ లేరే" అన్నాడు.

ఆయనకు చూపిద్దామని వేలెత్తి తిరిగితే ట్రాక్ మీద ఆమె లేదు. హుసేనమ్మ మాత్రం అప్పుడే బయల్దేరిన దానిలా పరిగెత్తుతోంది. దాటిపోయినవాళ్లను దాటుకుని గీత తొక్కేసింది.

తొక్కి ఆగలేదు. ఇంకా ముందుకు పోతుంటే లేడీ కానిస్టేబుల్ ఒకామె పట్టుకుని ఆపింది. హుసేనమ్మ ఆమెతో ఒకటే వాదన. "ఇంకా సగం రౌండు ఉండాది మేడమ్, నేను పరిగెత్తల్లా" అని. అక్కడున్నవాళ్లు నవ్వారు. కాలికి కట్టిన చిప్‌లో అన్ని రౌండ్లూ పూర్తిగా ఉన్నాయి. టైము లోపలే వచ్చిందని చెప్పి పంపేశారు.

బయటికి వచ్చి నా మొహాన్ని రెండు చేతులతో పట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలీదు. నేనూ ఏడ్చాను. కాసేపటికి నా చెంపలు మండటం మొదలైంది. తర్వాత కళ్లు. కుళాయి కింద మొహం పెడితే మంట ఇంకా పెరిగింది.

నేను మిరపకాయల బస్తాల మధ్య పెరిగిన దాన్ని. పాత కాయకూ కొత్త కాయకూ కళ్లు మూసుకుని తేడా చెబుతాను. హుసేనమ్మ అరచేతులు వాసన చూశాను. కొత్త కాయ. చెట్టు మీదనుంచి అప్పుడే కోసిన ఘాటు. ఆమె వేళ్ల కొసలు ఎర్రగా ఉన్నాయి. తనూ వాసన చూసుకుని ఉన్నచోటే కూలబడింది.

నేను చూసిన మనిషి గురించి చెప్పాను. ఆ పిల్ల ఒక్కటే అడిగింది.

"యాపక్క నుంచి వచ్చెనక్కా?"

ఎదురుగా అన్నాను. తలూపి, రెండు పిడికిళ్లూ మూసుకుంది. ఆ రోజంతా చేతులు కడగలేదు. మధ్యాహ్నం అన్నం చెంచాతో తినింది.

తర్వాత నా పద్ధతిలో నేను లెక్క చూసుకున్నాను. మిరపకోతకు పోయే ఆడవాళ్లంతా అలాంటి చొక్కాలే వేసుకుంటారు, అంతకుముందు విన్న మాటలు మనసులో ఉండి ఎండలో అలా కనిపించి ఉండొచ్చు. ఆయాసంలో హుసేనమ్మ రౌండు లెక్క తప్పి ఉండొచ్చు. ఇంతవరకూ సరిపెట్టుకోగలను. మంట దగ్గరే ఆగిపోతాను. పొద్దున అవే చేతుల్ని పట్టుకున్న నా చేతులు మండలేదు. గేటు లోపలికి పోయి వచ్చాక ఆమె చేతులు తగిలిన చోటే మండింది. ఆ మైదానంలో మిరపచెట్టు లేదు.

హుసేనమ్మ ఇప్పుడు ట్రైనింగులో ఉంది. ఆదివారం ఫోన్ చేసి, అక్కడి సాంబారును తిట్టి, నా చదువు సంగతి అడుగుతుంది. పోయిన వారం చెప్పేశాను, ఇంక నావల్ల కాదు, సగం సిలబస్ అలాగే ఉంది, వేంపల్లెకు పోయి కొట్లో కూర్చుంటానని.



"నువ్వు ఆ కొస నుంచి రా అక్కా" అంది. "ఈ కొస నుంచి నేనొస్తాండా."

ఆ ఆఖరి సగం రౌండు ఎవరు పరిగెత్తారో నాకు ఈరోజుకీ తెలీదు. పోలీసు ట్రైనింగులో ఉన్న పిల్ల నా ట్యాక్సు పేపరుకు ఎలా ఎదురొస్తుందో అసలే తెలీదు. ఫోన్ పెట్టేసి, మూసిన పుస్తకం మళ్లీ తెరిచాను.