నాయనకు వార్తలు చెప్పిన రోజులు

మా నాయనకు పెళ్లికి ముందే విషజ్వరం వచ్చి చెవులు పోయాయట. మాట పోలేదు. ఎదుటివాళ్ల పెదవులు చూసి సగం, ఊహించి సగం జవాబు చెప్పేవాడు. తిరుత్తణిలో మా నేతవీధి వాళ్లందరూ ఆయనకు ఎదురుగా నిలబడి నిదానంగా మాట్లాడటం అలవాటు చేసుకున్నారు. తెలుగైనా తమిళమైనా ఆయనకు ఒకటే. బడికి పోనివాడు కాబట్టి పేపరు మాత్రం చదవలేడు.

డెబ్బైల చివర్లో మా వీధి మొదట్లో ఉన్న బట్టల వ్యాపారి ఇంటికి టీవీ వచ్చింది. మద్రాసు నుంచి బొమ్మ అందడానికి మిద్దె మీద తాటిచెట్టంత ఇనుప గొట్టం నిలబెట్టారు. అయినా గాలి వీస్తే తెరంతా చుక్కలే. సాయంత్రాలు వాళ్ల నడవలో చాపలు పరిచేవారు. అందరూ సినిమా పాటల కోసం వచ్చేవారు. మా నాయన వార్తల కోసం వచ్చేవాడు.

అప్పట్లో తమిళంలో వార్తలు చదివే మనిషి నిజంగా చదివేవాడే. బల్ల మీద కాగితాలు, వెనక ఒట్టి తెర. తల వంచి వాక్యం చదివి, చివరి మాట దగ్గర తల ఎత్తి మనవైపు చూసి, మళ్లీ వంచేవాడు. ఒక కాగితం తీసి పక్కన పెట్టేదాకా మనమూ ఆగాలి. ఆ తల వంచడమే నాయనకు అడ్డం. చెప్పారు, చేరుకున్నారు, మరణించారు అనే చివరి మాటలు మాత్రం ఆయనకు దొరికేవి. ఎవరు, ఎక్కడ అన్నది నేను చెప్పాలి. తొమ్మిదో తరగతి చదివేదాన్ని. టీవీకి వీపు పెట్టి, ఆయనకు ఎదురుగా కూర్చుని, విన్నది విన్నట్టు గొంతు లేకుండా పెదవులతో తెలుగులో చెప్పేదాన్ని.

ఒక సాయంత్రం మా బడి పిల్లలు ముగ్గురు ఆ నడవలోకి వచ్చారు. నేను నోరు సాగదీయడం చూసి ఒకతె నా మాదిరే నోరు తిప్పింది. మిగతా ఇద్దరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. గిర్రున తిరిగి టీవీ వైపు కూర్చున్నాను. నాయన నా భుజం తట్టి, "ఏమంటా ఉండాడు పాపా?" అని అడిగాడు. అప్పుడు వాతావరణం చదువుతున్నారు. సముద్రంలో వాయుగుండం, మర్నాడు మా వైపు గట్టి వాన. నేను విన్నాను.

"ఏమీ లేదు నాయనా," అన్నాను.

మర్నాడు తెల్లవారకముందే ఆయన పడుగు నూలును వీధి పొడవునా సాగదీసి గంజి పట్టించాడు. ఆ పనికి పది చేతులు కావాలి. ఇరుగుపొరుగు వచ్చి సాయం పట్టారు. గంజి ఆరకముందే వాన దిగింది. చుట్టి ఇంట్లోకి చేర్చేలోపు పోగులు ఒకదానికొకటి అంటుకుని, లాగితే తెగిపోయాయి. పది రోజుల పని నీళ్లపాలైంది. తడిసి ముద్దయిన పక్కింటి మామ వచ్చి, నాయన ముందు నిలబడి, "నిన్న టీవీ చూస్తివే, వాన సంగతి చెప్పలేదా?" అని అడిగాడు.

నాయన నా వైపు ఒకసారి చూశాడు.

"చెప్పింటారు. నాకే తెలీలేదు," అన్నాడు.

ఆ తర్వాత కూడా టీవీకి వెళ్లాం. కానీ ఆయన మళ్లీ నా భుజం తట్టలేదు. చెబితే చూసేవాడు, చెప్పకపోతే అడిగేవాడు కాదు. తెలిసే దాచానన్న మాట చాలాసార్లు నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

పెళ్లయి తిరువళ్లూరు వచ్చాను. ఎనభైల నడుమ మా ఇంట్లోకి రంగుల టీవీ వచ్చింది. నాయన నెలకోసారి రైల్లో వచ్చి రెండు రోజులు ఉండేవాడు. ఒక సాయంత్రం నేను పొయ్యి దగ్గర ఉంటే వంటింటి గుమ్మంలోకి వచ్చి, పూండి చెరువు నిండిపోయిందంట, గేట్లు ఎత్తుతారంట అన్నాడు. ఎవరు చెప్పారని అడిగాను. టీవీ వైపు చేయి చూపించాడు.

"ఆయమ్మ ఇప్పుడు తల దించడంలేదు పాపా. నన్నే చూసి చెప్తా ఉండాది."

వెళ్లి చూశాను. నిజమే. కాగితాలు చేతిలో ఉన్నాయి, చూపు వాటి మీద లేదు. ఆమెకు ఎదురుగా కెమెరా దగ్గరే అక్షరాలు కదులుతుంటాయని, వాటిని చూసి చదువుతారని మా ఆయన చెప్పాడు. పట్టుచీర, తలలో పువ్వులు, తెరనిండా ముఖం. నాయన ముందుకు వంగి ఆమె పెదవులనే చూస్తూ మధ్యమధ్య తలాడించాడు. ఎవరినీ అడగకుండా లోకం సంగతి తెలుసుకోవడం ఆయనకు అదే మొదలు. నాకు సంతోషం కలిగింది. ఇక నాతో పనిలేదన్న బాధా కలిగింది.

అది రెండు మూడేళ్ల ముచ్చటే. తర్వాత వార్తల్లో మనిషి కనబడటం తగ్గింది. ఆమె నోరు తెరిచీ తెరవకముందే ముఖం పోయి వరదలు, సభలు, జనం వచ్చేవి. వెనక నుంచి గొంతు మాత్రం వినబడేది. ఇప్పుడు చూడటానికి బాగుందని అందరూ అన్నారు. నేనూ అన్నాను. నాయన మాత్రం ఆ బొమ్మల్లో కదిలే నోటికోసం వెతికేవాడు. వరద కనబడేది, ఏ ఊళ్లోనో తెలిసేది కాదు.

ఒకరోజు ఆయన ముందు కూర్చుని పాత రోజుల్లో లాగా చెప్పబోయాను. వార్తల వేగం పెరిగింది. ఒకటి చెప్పేలోపు మూడు దాటిపోయాయి. అమ్మ అడ్డంగా ఉందని మా పిల్లలు విసుక్కున్నారు.

"వద్దులే పాపా. వాళ్లను చూడనీ," అన్నాడు.

అప్పటినుంచి వార్తల వేళకు కుర్చీ తీసుకుని వరండాలోకి వెళ్లి, వచ్చే పోయే జనాన్ని చూస్తూ కూర్చునేవాడు. కిటికీలోంచి ఆయన వీపు కనబడేది. లేచి వెళ్లి, ఇవాళ జరిగింది ఇదీ అని చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. రేపు చెబుదాంలే అనుకునేదాన్ని. ఆయన మా ఇంటికి వచ్చిన చివరిసారి కూడా అలాగే లోపలే కూర్చున్నాను.